దొర జెండా, మా అమ్మాయి లెక్క

మన కార్మికుల క్యాంపు గోడపత్రిక చదివే తమ్ముళ్లూ, సంతోషం పట్టలేక ఈ సాయంత్రమే రాస్తున్నాను. ఇక్కడి బహ్రెయిన్‌లోనే ఉమ్మ్ అల్ హస్సామ్ పేటలో నేను తోటపని చేసే ఇంట్లో ఇంగ్లీషు దొర ఇరవై ఏళ్లుగా ఉంటున్నాడు. చచ్చినా ఈ మట్టిలోనే అంటాడు. ఈ రోజు వాళ్ల రాణిగారి పుట్టినరోజని, గేటుకి బహ్రెయిన్ జెండా, వాళ్ల జెండా పక్కపక్కనే కట్టమన్నాడు. వాళ్లది తలకిందులుగా కట్టానట! నాకు ఎటు చూసినా ఒకేలా ఉంది. ఆయన స్వయంగా స్టూలెక్కి సరిచేసి, రెండింటికీ సెల్యూట్ కొట్టాడు. రెండు దేశాలూ తనవేనన్న ఆ ధీమా చూసి నాకు కడుపు మండిపోయింది.

“మా జెండా తిరగబడితే పశువుల కాపరైనా చెప్పేస్తాడు సార్” అన్నాను.

“అలాగా? అందులో చక్రానికి ఆకులెన్ని?” అన్నాడు, వచ్చీరాని హిందీలో.

ఇన్నేళ్లొచ్చినా ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

అదే ఇంట్లో పనిచేసే మా అమ్మాయి వంటింట్లోంచి కేకేసింది. “ఇరవైనాలుగు నాన్నా! ఏడో క్లాసులో నేను బొమ్మ గీస్తుంటే లాంతరు పట్టుకుంది నువ్వేగా!”

ఆ అంకె నేను హిందీలో చెప్పగానే దొర ఆమెకీ సెల్యూట్ కొట్టాడు. నా తల్లే, నా బంగారమే! ఆయన రెండు జెండాల మీద నా కుళ్లు ఇంకా తీరలేదు గానీ, ఆ పిల్ల మాత్రం నాదే.

నిజం చెప్పండి, మీలో ఎంతమందికి తెలుసు ఆ లెక్క?