కొక్కేనికి మిగిలిన కవ్వం

అత్త పోయిందని అన్నూరు నుంచి ఆమె కొడుకు పొద్దున్నే ఫోన్ చేశాడు. "బావా, అమ్మ పోయినాది. పెరుగుకుండ చిలక్కుండా అట్లే ఉండాది," అన్నాడు. ఆ రెండో మాట వినేదాకా నాకు నమ్మకం కుదరలేదు. వెలుగొచ్చే వేళకు ఆ ఇంట్లో వెన్న తీసి పెట్టి ఉండేది. మధురైలో బస్సెక్కాను.

ఆమె మా నాన్నకు అక్క. చిన్నప్పుడు సెలవులకు వెళితే నన్ను లేపేది ఆమె కవ్వం చప్పుడే. వెనక వసారాలో ఒక గుంజ, దానికి ఆనించి కట్టిన నడుమెత్తు కవ్వం. చుట్టూ వేసిన తాడు కొసలు రెండూ ఆమె చేతుల్లో. కుడిచెయ్యి వెనక్కి వస్తే ఎడమచెయ్యి ముందుకు. మధ్యలో ఉన్నట్టుండి ఆపి చెవి ఒగ్గేది. "ఏమత్తా?" అంటే, "సద్దు మారినాది. వెన్న వస్తాండాది, నువ్వు ఊరుకో," అనేది. ఆమె వింటున్నది కుండనేనా అని నాకు సందేహంగా ఉండేది. ఒక్కోసారి ముఖం పెరటి గుమ్మం వైపు ఉండేది.

ఆ వంటింట్లో చిలికేవి చాలానే ఉన్నాయి. పప్పు మెదపడానికి గాడులు తీసిన తలతో పప్పుగుత్తి. వచ్చినవాళ్ళకు చెంబులో మజ్జిగ కలపడానికి అరచేతుల మధ్య తిప్పే చిట్టి కవ్వం, తల తామరమొగ్గలా. నేను మధురైలో కొనుక్కెళ్ళిన స్టీలు తీగ కవ్వాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంటికిరా ఇది, సైకిలు సీటు కింద స్ప్రింగు మాదిరి ఉండాది," అంది. కోడలు ఎప్పుడైనా మిక్సీలో వెన్న తీస్తే, "వచ్చినాదిలే, ఆ మోతకు భయపడి వచ్చినాది," అనేది. తమిళ బడిలో చదివిన నేను తెలుగు అక్షరాలు సొంతంగా నేర్చుకున్నది ఇలాంటి మాటలు పోకూడదనే.

మావాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఎన్నో తరాల కిందట తెలుగు నేల నుంచి ఇటు వలస వచ్చినప్పుడు ఆడవాళ్ళు కవ్వాలు చంకన పెట్టుకుని నడిచారని చెబుతారు. ఇంటికి వచ్చిన ప్రతి కోడలికీ సొంత కవ్వం చేయిస్తారు. ఆమె పోయిన రోజు అది ఆమెతోనే చితి మీదికి వెళ్ళాలి. తీసుకెళ్ళేది మగవాళ్ళు. చిలికే చోటికి మాత్రం మామూలు రోజుల్లో పెద్దయిన మగవాళ్ళు పోరు, ఏ కవ్వం ఎవరిదో వాళ్ళకు తెలియదు. వసారాలో అత్తదీ కోడలిదీ పక్కపక్క కొక్కేలకు వేలాడుతున్నాయి. కొడుకు చేతికందినది తీసుకున్నాడు. నేనూ వెంట నడిచాను.

కాటి నుంచి వచ్చి స్నానాలు చేశాక కోడలు వసారాలోంచి పిలిచింది.

"అన్నా, నాది ఏది?"

గడప దాకా వెళ్ళి చూశాం. కొక్కేనికి ఉన్న కవ్వం నడుము దగ్గర తాడు ఒరిపిడికి సన్నబడి నల్లగా మెరుస్తోంది.

"ఇది అత్తది. అంటే నన్నే కదా కాల్చి వచ్చినారు?" అంది. గొంతు పెంచలేదు.

"కొత్తది చేయిస్తాలే," అన్నాడు భర్త.

"ఎప్పుడు, నేనూ పోయినంకనా?"

అత్త చెల్లెలు మూలన కూర్చుని ఉంది. "పోయినామె తన కవ్వం అడిగేదానికి వస్తాది. ఆ పిల్లను పుట్టింటికి పంపండి," అంది. పుట్టిల్లు తిరుమంగళం. మర్నాడు నన్ను వెంట తీసుకెళ్ళమన్నారు. కోడలు పెట్టె సర్దుకుంది. ఇప్పుడు వెళితే ఈ గడప మళ్ళీ తొక్కదని ఆమె సర్దుకున్న తీరులోనే తెలిసింది. అత్త బతికుండగా ఒకరి వస్తువు అడక్కుండా ముట్టుకున్న మనిషి కాదు. కోడలిది తిరిగి ఇవ్వడానికైనా వస్తుందేమోనని, అదే నాకు ఎక్కువ భయం కలిగించింది.

మర్నాడు తెల్లవారుతుండగా వసారాలో చిలుకుతున్న చప్పుడు. లేచాను. అత్త కొడుకూ లేచి వచ్చాడు. అతని భార్యే అనుకున్నాం.

"మీకూ వినపడతాండాదా?" అని ఆమె గొంతు మా వెనక నుంచి వచ్చింది.

చప్పుడు ఆగింది. కవ్వం కొక్కేనికే ఉంది. దాని తల తడిగా ఉంది.

"మంచు," అన్నాడు అత్త కొడుకు. అది నడివేసవి.

ఆమె ఆ కవ్వం దగ్గరికి వెళ్ళింది. తర్వాత ఎదురుగా మనిషి ఉన్నట్టే మాట్లాడింది. "అత్తా, నాది నువ్వు తీసుకొని పోతివి. నీది నాకు విడిచినావు. సరికి సరి. ఇంక నన్ను పిలవాకు."

కొక్కెం మీంచి దాన్ని దించి గుంజకు కట్టింది. పుల్లబడిన పెరుగుకుండ లాక్కుంది.

"మైలలో చిలుకుతారా అమ్మిణీ?" అంది చిన్నత్త గడప దగ్గర నుంచి.

"ఇప్పుడు అత్త చిలికినాదే," అంది. నా వైపు తిరిగి, "అన్నా, మీరు ఒక్కరే పొండి," అంది.

చిలకడం మొదలుపెట్టింది. మేము గడప ఇవతలే నిలబడ్డాం. కొంతసేపటికి జుట్టు ముఖం మీద పడింది. దాన్ని తోసుకోవడానికి ఎడమచేతి తాడు వదిలింది. ఆ కొస జారి పడలేదు. గాలిలో బిగువుగానే ఉంది. కవ్వం అటు ఒకసారి, ఇటు ఒకసారి తిరిగింది.

 జుట్టు చెవి వెనక్కి సర్దుకుని, ఎవరి చేతిలోంచో అందుకున్నట్టు, మెల్లగా ఆ కొసను తిరిగి పట్టుకుంది.