ఆపరేషన్ బల్ల మీద సినిమా కబుర్లు

1996 జూన్‌లో నన్ను చిత్తూరు జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి మత్తు వైద్యుడిగా బదిలీ చేశారు. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. పేరులో సర్జన్ ఉన్నా కత్తి పట్టే యోగం లేదు, సూది వరకే నా అధికారం. జనం మాత్రం ‘మత్తు డాక్టరు’ అనేవారు. ఆ మాటలో మత్తు ఎవరిదో తేలదు కాబట్టి కొత్తవాళ్ళు కొందరు నాకు కాస్త దూరంగా నిలబడి మాట్లాడేవారు.

సిజేరియన్‌కు సాధారణంగా తల్లిని పూర్తిగా నిద్రపుచ్చం. నడుము దగ్గర వెన్నులోకి సన్నటి సూదితో మందు ఎక్కిస్తాం. రొమ్ముల దగ్గర నుంచి కాళ్ళ దాకా మొద్దుబారుతుంది కానీ మనిషి మెలకువగానే ఉంటుంది. ఛాతీకి అడ్డంగా ఒక గుడ్డ తెర కడతాం. తెరకు అవతల కోత కోసే డాక్టరమ్మ, ఇవతల తల్లి ముఖం, నేను. బీపీకి పాదరసం పెట్టె, నాడికి నా వేళ్ళు. వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే యంత్రం మాకింకా రాలేదు. అందువల్ల మా గురువులు నేర్పిన పద్ధతి మాట్లాడించడం. మాట్లాడే మనిషి ఊపిరి తీసుకుంటున్నట్టే లెక్క.

ఏం మాట్లాడించాలన్నదే చిక్కు. అత్తగారి ఊసెత్తితే బీపీ ఎగిరేది. పంట సంగతి అడిగితే కళ్ళ నీళ్ళు పెట్టుకునేవారు. చివరికి సినిమాలు మిగిలాయి. మాదీ థియేటరే కదా! అప్పటికి పల్లెల్లో కూడా టీవీ, డెక్కు, క్యాసెట్లు అద్దెకు తెచ్చుకుని ఇంట్లో చూసేవారు. నేనూ ఆదివారం ఒకటి పెట్టుకునేవాణ్ణి గాని విశ్రాంతి పడేలోగా నిద్రపోయేవాణ్ణి. ఊరందరినీ నిద్రపుచ్చేవాడికి ఆ మాత్రం వాటా ఉండాలని మా ఆవిడ అనేది.

ఆ ఆగస్టులో పూతలపట్టు దగ్గరి పల్లె నుంచి సుగుణ అనే ఆమె రెండో కాన్పుకు వచ్చింది. మొదటిదీ ఆపరేషనే. భర్త చెరకు రైతు. థియేటర్ గుమ్మం దాకా వచ్చి, “సార్, ఆ యమ్మి శానా బయపడతా ఉండాది. మీరు పక్కనే ఉండండి” అని నాకు అప్పగించి వెళ్ళాడు. నిజంగానే ఆమె చేతులు చల్లబడి ఉన్నాయి. మందు ఎక్కించి వెల్లకిలా పడుకోబెట్టేసరికి నా గౌను అంచు గుప్పిట్లో పట్టుకుంది.

ఈమధ్య ఇంట్లో ఏం సినిమా చూశావమ్మా అని అలవాటుగా అడిగాను. డాక్టరమ్మ మంచం దిగొద్దన్నదని భర్త డెక్కు తెచ్చాడట. మొన్న చూసినది అస్సలు నచ్చలేదట. ఎందుకని అడిగాను.

“మొదట్లోనే తల్లి బిడ్డను కని సచ్చిపోతాది సార్. ఈ మద్దెన నేను సూసినవన్నీ అంతే. కత నడవాలంటే తల్లి సావాల్నా?”

అప్పుడర్థమైంది, గుప్పిట ఎందుకంత బిగిసిందో. నవ్వించబోయి, డైరెక్టరుకు వేరే దారి తోచలేదేమో అన్నాను. ఆమె నవ్వలేదు. ఆ డైరెక్టరును, హీరోను, పాటలను ఒక్కొక్కటిగా దులిపింది. తెర అవతల డాక్టరమ్మ కోత మొదలుపెట్టింది. సుగుణ ఇంకా సినిమా మీదే ఉంది. నేను ఊకొడుతూ బీపీ పట్టీ బిగిస్తున్నాను.

“ఆ డైరెక్టరుకు... అమ్మ... లేదా...”

మాటల మధ్య ఖాళీ నాకు నచ్చలేదు. అలిసిపోయావా అని అడిగాను. పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. నా వేళ్ళు గట్టిగా పట్టుకోమన్నాను. అంతసేపూ గౌనును వదలని ఆ చెయ్యి దూదిలా ఉంది. నాడి నెమ్మదించింది. పాదరసం నేను చూడాలనుకున్న చోట ఆగక కిందికి జారిపోయింది.

మందు మోతాదు సరిగానే ఉంది. అయినా నిండు గర్భిణుల్లో ఒక్కోసారి అది అనుకున్న ఎత్తు దాటి పైకి పాకుతుంది. ఛాతీ కండరాలు పట్టు తప్పుతాయి. అంతకన్నా పైకి పోతే ఊపిరే ఆగుతుంది. పుస్తకంలో ఇది నాలుగు వరసలు.

మందు పైకెక్కింది, బిడ్డను తొందరగా తీయండని డాక్టరమ్మకు చెప్పాను. ఆమె తల ఎత్తకుండా చేతి వేగం పెంచింది. నాడికీ బీపీకీ ఇంజెక్షన్లు ఇచ్చాను. ముక్కూ నోరూ కప్పేలా మాస్కు పెట్టి, ఊపిరి పోసే బ్యాగు నొక్కసాగాను. కడుపులోది గొంతులోకి రాకుండా సిస్టర్ గొంతు ముందు ఎముకను నొక్కి పట్టింది. అవసరమైతే గొంతులోకి ఊపిరి గొట్టం వేయడానికి సామాను పక్కనే పెట్టించాను. డొక్కలు ఇంకా కొంచెం కదులుతున్నాయి కాబట్టి ఆగాను.

అన్నిటికన్నా భయపెట్టినవి ఆమె కళ్ళు. అవి పూర్తిగా మెలకువగా ఉన్నాయి. తాను చూసిన సినిమాలో ఇప్పుడేం జరుగుతుందో ఆమెకు తెలుసు. అది తనకే జరుగుతోందని నమ్ముతోంది. నీకు ఊపిరి నేను పోస్తున్నాను, మందు దిగగానే గొంతు వస్తుందని చెప్పాను. కళ్ళు నమ్మలేదు. ఇక చెప్పడానికేమీ తోచక, బ్యాగు నొక్కుతూనే, ఆమె సినిమానే మార్చి చెప్పడం మొదలుపెట్టాను. అందులో తల్లి చావదు. బిడ్డకు పాలిస్తుంది, బడికి పంపుతుంది, అల్లరి చేస్తే వీపు మీద ఒకటేస్తుంది. అందుచేత వాడు పగ పట్టే అవసరం లేక, పట్నం పోక, చెరకు తోటకు నీళ్ళు కట్టుకుంటాడు. ఆ కళ్ళు నా మీద నుంచి కదలలేదు.

బిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. తల్లి నాడి మెల్లగా పుంజుకుంది. కుట్లు పూర్తయ్యేసరికి వేళ్ళలో పట్టు తిరిగొచ్చింది, బ్యాగు నొక్కే నా చేతికి ఎదురుగా ఆమె సొంత ఊపిరి తోసింది. మాస్కు ఎత్తాను. గొంతు గాలిలా వచ్చింది.

“అట్ల తీస్తే... ఎవురు సూస్తారు సార్?”

సిస్టర్ తల తిప్పుకుంది. నేను స్టూలు మీద కూర్చున్నాను.

ఆ తరువాత నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన వాళ్ళందరికీ ఒక విషయం చెప్పాను. ‘బాగున్నావా’ అని అడగవద్దు. తలూపినా దానికి జవాబైపోతుంది. ఇంట్లో ఈమధ్య చూసినవాటిలో నచ్చని సినిమా ఏదని అడగండి. నచ్చినదాన్ని ‘బాగుంది’ అని వదిలేస్తారు. నచ్చనిదానికి కారణాలు చెబుతారు, కారణాలు చెప్పడానికి ఊపిరి కావాలి. ఆ మాటలు పొట్టివవుతుంటే కోపం తగ్గిందనుకోకండి. బ్యాగు అందుకోండి.