టీవీల సచ్చిన ఎల్లప్ప

ఎల్లప్పకు నవ్వించుడు తప్ప ఇంకో పిచ్చి లేదు. ఫలక్‌నుమాల రైల్వే ఖలాసీ నౌకరి. బోగీ కింద దూరి నట్లు బిగించుకుంట గూడ ఏదో ఒకటి అంటుండె. పక్కన పనిచేసేటోళ్ళు నవ్వలేక చేతుల సామాన్లు కింద పడేస్తుండె. రైల్వేవాళ్ళు ఏసే నాటకాలల్ల ఎల్లప్ప లేడంటె జనం సగంల లేసి ఇంటికి పోతుండె. అందరు నవ్విన్రు గని, ఒక్క మనిషి నవ్వలే. ఆ మనిషి ఆయన పెండ్లాం చంద్రమ్మ.

అట్లని చంద్రమ్మ ఏడ్పుమొగంది గాదు. ఇంటి ముంగట కూసోని ఆడోళ్ళతోటి ముచ్చట పెడ్తె మంచిగనే నవ్వుతది. మొగని జోకుకు మాత్రం నవ్వు రాదు. ఆయన ఎగిరి, దుంకి, కోతి మొగం పెట్టి చూపిచ్చినా, "అయిందా? ఇగ కాళ్ళు కడుక్కోని తిను పో" అంటది. పెండ్లయి ఇన్నేండ్లాయె, ఒక్కపాలి ఈమెను కడుపుబ్బ నవ్వియ్యాలె అని ఎల్లప్పకు మనుసుల ఒకటే కోరిక. ప్రమోషన్ గూడ అంతగనం కోరుకోలేదు మనిషి.

గసుంటి ఎల్లప్పకు టీవీ నాటకంల వేషం దొరికింది. దొరికింది సరే, ఏం వేషమనుకున్నరు? శవం! మాట లేదు, కదులుడు లేదు. చాప మీద పండుడు, తెల్లగుడ్డ కప్పిచ్చుకునుడు, అంతే.

అప్పట్ల సంతోష్‌నగర్‌ల వాళ్ళ గల్లీ మొత్తానికి టీవీ ఉన్నది శ్రీహరిరావు ఇంట్లనే. కోస్తా దిక్కుకెల్లి సర్కారు ఆఫీసు నౌకరి మీద వచ్చి స్థిరపడ్డ మనిషి. నాటకమొచ్చే సాయంత్రం గల్లీ గల్లీ ఆయన ముందుగదిల చాపల మీద కూసుంటుండె. ఆయన భార్య రాజరాజేశ్వరి తలుపుకాడ నిలవడి, "చెప్పులు బయటండీ, బయట" అనుకుంట గొంతు అరగదీసుకుంటుండె పాపం. నాటకం చూసుడు ఒకెత్తు, అయినంక దానిమీద తీర్పు చెప్పుడు ఇంకొకెత్తు. చూసేటప్పుడు కునుకు తీసినోళ్ళు గూడ తీర్పు చెప్పేటప్పుడు మాత్రం ఊకోకపోతుండె.

"శవం మస్తు చేసినవ్ భాయ్," అన్నడు ఎల్లప్ప నాటకం అయిపోంగనే పాన్ డబ్బా అంజన్న. "గని కడుపు మెల్లగ లేసి పడుతుండె. పొద్దుగాల తిన్న బువ్వ అరగలేనట్టున్నది."

"కడుపు సంగతి ఇడ్సిపెట్టు," అన్నది పూలమ్మే సక్కుబాయి. "పీనుగకు కాళ్ళ బొటనేళ్ళు కట్టాలె గద? కట్టనే లేదు. ఇంతమంది సదువుకున్నోళ్ళుండి గదేం నాటకం?"

శ్రీహరిరావు తల అడ్డంగ ఊపిండు. "నేనొప్పుకోనండీ. మిగతావాళ్ళంతా నటించారు. మన ఎల్లప్ప ఒక్కడే నటించలేదు. పాత్రలో కలిసిపోయాడు."

గా మాట పొగుడుడో, తిట్టుడో ఎల్లప్పకు సమజ్ కాలే. అయినా దండం పెట్టిండు. అటు తిరిగి చూస్తె చంద్రమ్మ లేదు. తెల్లగుడ్డ కప్పంగనే లేసి ఇంటికి పోయింది. ఇంటికి పోయి చూస్తె, పుస్తెలు గుప్పిట్ల పట్టుకోని కూసున్నది. "బతికున్న మనిషివి, నలుగురి ముంగట పీనుగై పంటవా? థూ, నీ నాటకం పాడుగాను!" అన్నది. ఎల్లప్ప ఏదో జోకెయ్యబోయి, ఆమె కండ్లల్ల నీళ్ళు చూసి మింగేసిండు.

అసలు లొల్లి తెల్లారి షురువైంది.

జల్‌పల్లిల ఎల్లప్ప అత్త బుచ్చమ్మ ఉంటది. ఎవడో పుణ్యాత్ముడు పట్నంల నాటకం సగం చూసి పోయి, "నీ అల్లుడు సచ్చిపోయిండే, టీవీల చూపిచ్చిన్రు" అని ఆమె చెవిల ఏసిండు. బుచ్చమ్మ ఇంట్ల టీవీ లేదు గని, టీవీల ఎవల సావులు చూపిస్తరో ఆమెకు ఎర్కే. పెద్ద పెద్ద మంత్రులయి. అంటె అల్లుడు పోయింది నిజం, అల్లుడు పెద్దోడన్నది గూడ నిజం. "ఓ కొడుకా! నువ్వు గంత పెద్దోడివని నాకు తెల్వకపాయె గదరా! ఎన్నడన్న మంచిగ ఒక కోడన్న కోసి పెట్టకపోతి గదరా!" అని శోకం తీసుకుంట, చుట్టాలను ఏసుకోని, తెల్లగుడ్డ కొనుక్కోని బస్సెక్కింది.

ఎల్లప్ప వాకిట్ల ఏపపుల్ల నములుతుండు. గల్లీ మొదట్ల ఏడ్పులు ఇనవడ్డయి. చూస్తె అత్త! జుట్టు ఇరబోసుకోని, ఎదురొమ్ము గుద్దుకుంట వస్తున్నది. అత్త గిట్ల ఏడుస్తున్నదంటె మామకే ఏదో అయిందనుకున్నడు. మామ అంటె ఆయనకు పాణం. ఏపపుల్ల ఇసిరికొట్టి ఉరికిండు, అత్తను కావలిచ్చుకున్నడు, "ఎంత పనాయెనే అత్తా!" అని గొల్లుమన్నడు. "ఎంత పనాయె కొడుకా!" అని ఆమె. ఇద్దరు ఒకల భుజం మీద ఒకలు వడి మస్తుసేపు ఏడ్సిన్రు. ఎన్కకెల్లి వచ్చిన మామ బీడీ కింద పడేసి, "బుచ్చీ, నువ్వు పట్టుకున్నది ఎవలనే?" అన్నడు.

బుచ్చమ్మ తల ఎత్తి చూసింది. కెవ్వుమని ఎన్కకు ఎగిరి సక్కుబాయి పూలబుట్టల కూసున్నది.

ఎన్కసీరి ఇంకో చిక్కొచ్చింది. సావుకని బయలెల్లి వచ్చినోళ్ళు, స్నానం చెయ్యకుంట ఇంటికి పోవద్దు గద. సచ్చినోడు లేకున్నా సావుకైతే వచ్చిన్రాయె. అందరు అక్కడనే తలస్నానాలు చేసి గల్లీల నల్లా నీళ్ళన్ని ఒడగొట్టిన్రు. పోయేటప్పుడు ఇంకో తకరారు. సావింటికాడ "పోయొస్తం" అనొద్దు, మల్ల రావాలని కోరుకున్నట్టయితది. బతికున్న అల్లుని ఇంట్లకెల్లి పోతూ అనకపోతే బాగుండది. వాకిట్ల నిలవడి చుట్టాలంత ఆలోచన చేసిన్రు. ఆఖరుకు మామ, "పోతున్నం... సూద్దాం" అన్నడు. అందరు అదే అనుకుంట పోయిన్రు.

వాళ్ళటు పోంగనే చంద్రమ్మ ఇటు తిరిగింది. "ఇగో, ఇను. ఇంకోపాలి టీవీల సచ్చినవంటె, ఆ రోజే సంచి సదురుకోని జల్‌పల్లి పోత. మల్ల రాను. మా అమ్మ మీద ఒట్టు." ఆమె ఒట్టంటె ఒట్టే. ఎల్లప్ప తల ఊపిండు.

ఆ ముచ్చట పాతవడ్డది. ఇంతల ఆనందరావు అని ఒక ముసలి హాస్యనటుడు పోయిండు. రంగస్థలం మీద పేరు మోసిన మనిషి. ఆయన నవ్వుల సీన్లు నలుగురు నటులతోటి మల్ల ఏయించి, నివాళి కార్యక్రమం పెడుతున్నమని టీవీవాళ్ళు ఎల్లప్పను పిలిచిన్రు. ఉరుక్కుంట పోయిండు. సీనేందంటె, అత్త వస్తున్నదని తెలిసి అల్లుడు సచ్చినట్టు నటిస్తడు.

"నేను పండ సార్, వేరే సీనియ్యుండ్రి," అన్నడు ఎల్లప్ప.

"లేదయ్యా, నువ్వయితేనే పండుతుంది. పోయినసారి చూశాం కదా."

ఏం జేస్తడు? ఈపాలి మాటలున్నయి, జనం నవ్వుతరు. పైగ పండినా ఆఖరుకు లేసి కూసుంటడు. లేసినోడు సచ్చినట్టెట్లయితది అని తన మనుసుకు తనే జెప్పుకున్నడు. రికార్డింగ్ అయింది. ఇంటికొచ్చి, "ఈపాలి నాకు మాటలున్నయే! నువ్వు రావాలె, తప్పకుంట రావాలె," అని చంద్రమ్మను బతిమిలాడిండు. అత్త సంగతి, దుప్పటి సంగతి చెప్పలే. చంద్రమ్మ ఒప్పుకున్నది. ఒప్పుకోని ఊకున్నదా? "మల్ల ఎవడో చెప్తె నమ్మి ఏడ్సుకుంట వస్తది, కండ్లతోటి చూడనియ్యి" అని వాళ్ళమ్మను గూడ పిలిపిచ్చింది. ఎల్లప్పకు పై పాణం పైన్నే పోయింది.

ఆ సాయంత్రం ముందుగదిల కాలు పెట్ట జాగ లేదు. బుచ్చమ్మ టీవీకి ఎదురుంగ, అల్లుని పక్కకే కూసున్నది. తెర మీద దండ ఏసిన ఆనందరావు ఫోటో వచ్చింది. దాని పక్కకు కూసోని ఒక పెద్దమనిషి కళ గురించి నిమ్మలంగ చెప్తుండు. ఆగుతుండు, నీళ్ళు తాగుతుండు, మల్ల చెప్తుండు.

"ఈయన ఇంకింత సేపు మాట్లాడితె ఆనందరావు ఇంకోపాలి సచ్చిపోతడు," అన్నడు అంజన్న.

"అయినా మనిషి పోతే నవ్వులేంది, ఇడ్డూరం గాకపోతె?" అన్నది సక్కుబాయి.

"నవ్వించినవాడికి నవ్వే నివాళండీ," అన్నడు శ్రీహరిరావు. గా మాట ఎల్లప్పకు మస్తు నచ్చింది గని, సంబురపడే హాలత్‌ల లేడాయన.

సీన్ షురువైంది. తెర మీది పెండ్లాం "మా అమ్మ వస్తోంది" అనంగనే ఎల్లప్ప మంచం కింద దూరిండు, ఇరుక్కున్నడు, మంచాన్ని ఎత్తుకోనే లేసిండు. గదిల నవ్వులే నవ్వులు. రాజరాజేశ్వరి పవిట నోట్ల కుక్కుకున్నది. ఎల్లప్ప టీవీని చూస్తలేడు, చంద్రమ్మ మొగం చూస్తుండు. ఆమె పెదవి కొస జర కదిలినట్టు అవుపడ్డది. అంతల తెర మీద ఆయన చాప మీద పన్నడు. దుప్పటి కప్పుకున్నడు. చంద్రమ్మ మొగం బండలెక్క అయింది.

"జర ఆగు, ఇప్పుడు లేస్త," అన్నడు ఎల్లప్ప.

టక్కున బొమ్మ పోయింది. "అంతరాయానికి చింతిస్తున్నాము" అని అక్షరాలొచ్చినయి, ఎన్క సన్నగ వీణ మోగుతున్నది. శ్రీహరిరావు లేసి టీవీ నెత్తి మీద రెండు దరువులు ఏసిండు. వీణ ఆగలే.

చంద్రమ్మ లేసి నిలవడ్డది. "అమ్మా, లే. జల్‌పల్లి పోదాం."

"అరే, లేస్తనే! తర్వాత లేస్త!"

"ఏది? సచ్చిందైతే అందరు చూసిన్రు. లేసింది ఎవలు చూసిన్రు?"

"అత్త వస్తున్నదని సచ్చినవా?" బుచ్చమ్మ నడుం మీద చెయ్యేసింది. "అంటె నేనొస్తె నీకు గంత పాణం మీదికొస్తదా అల్లుడా?"

ఎల్లప్ప చంద్రమ్మ దిక్కు చూసిండు. ఈ మనిషి గడప దాటితె ఇగ రాదు. ఇంకేం తోచలే. రాజరాజేశ్వరి మంచం మీది దుప్పటి గుంజుకోని, "ఉతికిందండీ, ఇవాళే ఉతికిందీ" అని ఆమె మొత్తుకుంటున్నా, గది నడుమ పండి నెత్తి మీదికెల్లి కప్పుకున్నడు. "సూడుండ్రి, లేస్త! గని పెండ్లాం మాటందియ్యాలె. 'మా అమ్మ పోయింది, లే' అనాలె. గప్పుడు లేసుడు."

"నేను చెప్పనా?" అన్నది రాజరాజేశ్వరి, దుప్పటి మీద రంధితోటి.

"మీరు గాదమ్మా," అన్నది పీనుగ. "నా పెండ్లామే అనాలె."

దుప్పటి కింద చీకటి, ఉక్కపోత. అడుగుల సప్పుడు తలుపు దిక్కు పోయింది. ఆయన కండ్లు గట్టిగ మూసుకున్నడు. అయిపాయె, పోయింది. నవ్వియ్యబోయి సంసారం ఆగం చేసుకుంటి గదరా ఎల్లిగా అనుకున్నడు.

అడుగులు ఆగినయి. ఎన్కకొచ్చినయి. నెత్తికాడ చంద్రమ్మ గొంతు ఇనవడ్డది.

"లేవకు. మా అమ్మ యాడికి పోలే. ఈడనే కూసున్నది."

గది గది నవ్వుతోటి పగిలిపోయింది. అంజన్న గోడకు తల ఆనిచ్చి నవ్విండు. సక్కుబాయికి పొలమారింది. బుచ్చమ్మ గూడ, "దీని పాడుగాను, నా బిడ్డే నన్ను గింత మాటన్నది!" అనుకుంట నవ్వు ఆపుకోలేకపోయింది. అన్ని నవ్వుల నడుమ ఎల్లప్పకు ఒక నవ్వు ఇనవడ్డది. ఎన్నడు ఇనంది. మొదలు జర బిగవట్టినట్టు వచ్చి, తర్వాత ఇగ ఆగకుంట పడి పడి వచ్చింది.

"వచ్చిందండీ, బొమ్మ వచ్చింది!" అని శ్రీహరిరావు కేకేసిండు. "లేచాడు! అదిగో, మాట్లాడుతున్నాడు!" టీవీ దిక్కు ఒక్కలు తిరిగి చూస్తె ఒట్టు. చంద్రమ్మ నవ్వుకుంటనే దుప్పటి కొస పట్టి గుంజింది. "ఓ మనిషీ, లేసినవంట, ఇగ లే."

ఎల్లప్ప లోపలికెల్లి దుప్పటి గట్టిగ పట్టుకున్నడు. లేస్తె ఆ నవ్వు ఆగిపోతదేమో అని, ఇంకింత సేపు సచ్చే పన్నడు.