ఆవకాయ తాళం

రెండు వేల దశకం మొదట్లో, పామర్‌స్టన్ నార్త్ విమానాశ్రయంలో వరుసలో నా ముందున్న తెలుగు నర్సమ్మ తన వేట తుపాకీ పెట్టెకు లాగితే ఊడే తాళం వేసి తెచ్చింది. గట్టి తాళం లేనిదే పెట్టె విమానం ఎక్కదన్నారు కౌంటరులో.

“జింకను కొట్టేది నేనే తమ్ముడూ. అక్కడ మా ఆయన మసాలా నూరుకుని కూర్చున్నాడు,” అంది దిగులుగా.

నా ఆవకాయ సూట్‌కేసుకు ఏనుగును కట్టేసేంత ఇత్తడి తాళం ఉంది. గోడవైపు తిరిగి, మొలతాడుకున్న తాళంచెవి విప్పాను.

“తీసుకో అక్కా. ఆవకాయనెవరూ ఎత్తుకుపోరులే.”

“మా నాన్నా అక్కడే కట్టుకునేవాడు!” అని పకపకా నవ్వి, తన చున్నీతో నా సూట్‌కేసును బిగించి కట్టింది.

ఈ కథ చెప్పినప్పుడల్లా నేను చూడని ఆ జింక కాస్త పెరుగుతుంది. చున్నీ మాత్రం నిజం. ఇన్నేళ్లుగా నా సూట్‌కేసుకు అదే తాళం.