బోనం కింద బాయిరాయి

ఆ రోజుల్లో మా ఇల్లే నాకు బడి, అమ్మే పంతులమ్మ. కాబట్టి తరగతిలో ఎప్పుడూ నేనే ఫస్టు (ఉన్నది నేనొక్కదాన్నే కదా). ఆ గర్వానికి తోడు, ఆ ఆషాఢంలో పోచమ్మ తల్లికి బోనం వండే పని మొదటిసారి నాకు అప్పగించారు. "బడి మొకం సూడని పిల్ల బోనమేం వండుతది? కుండ ఒరిగిందంటే వాడంత నవ్వుతది" అని నాయనమ్మ మూతి తిప్పింది. వండి చూపించాల్సిందేనని పంతం పట్టాను.

భూపాలపల్లిలో మా క్వార్టర్ వెనక పొయ్యికి రెండు రాళ్లే దొరికాయి. మూడోదానికి, బాపు బొగ్గు బాయి నుంచి తెచ్చి పెరట్లో వేసిన బూడిదరంగు పలక పెట్టాను. భూమి లోతుల్లో బంకమట్టి బిగుసుకుని రాయైనది అది. వానకు నాని, నున్నగా, బుద్ధిమంతురాలిలా కనిపించింది (అచ్చం నాలాగే అనుకున్నాను). కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి మరీ మంట వేశాను. బియ్యం ఉడుకు పట్టేలోగా 'ఫట్'మంది! పెచ్చులు ఎగిరాయి, కుండ ఒరిగింది. చున్నీతో ఒడిసి పట్టుకున్నాను. ఒక్క గింజ కింద పడలేదు; అంతా ఆ తల్లి దయ.

"బోనం వండుమంటే బాంబు పెట్టినవేందే!" అని అరిచిన నాయనమ్మే, సాయంత్రం దాన్ని నెత్తిన పెట్టుకుని గుడిదాకా "మా మనుమరాలే వండింది" అని చాటుకుంటూ నడిచింది. బాపు మాత్రం పెచ్చు చేతిలోకి తీసుకుని, "గిది నీళ్లు దాసుకునే రాయి బిడ్డా. వేడికి నీళ్లు ఉబ్బుతయి, బయటికి తొవ్వ దొరకది. గప్పుడు రాయినే పగలగొడ్తయి. భూమి లోపల గూడ గంతే" అన్నాడు.

"మరి మెల్లగ వేడి చేస్తే?"

"చేసి సూడు."

మర్నాడు మరో ముక్కను నిప్పులకు దూరంగా బూడిదలో పెట్టి, కొద్దికొద్దిగా దగ్గరికి జరిపాను. పేలలేదు, సన్నటి బీటలిచ్చి ఎర్రబారింది. "సందు ఇస్తే నీళ్లు తొవ్వ ఎతుక్కుంటయి బాపూ!" అని ఎగిరి గంతేశాను. బాపు షిఫ్టులో కనిపించిన వాళ్లందరికీ "మా బిడ్డ రాయిని ఉడకబెట్టింది" అని చెప్పుకున్నాడట.

దేవుడి దయవల్ల ఇప్పుడు నాకు అలాంటి రాళ్లను వేడి చేసి చూసే ప్రయోగశాలలోనే ఉద్యోగం. వేడి ఎంత నిదానంగా పెంచాలో కొత్త పిల్లలకు నేనే నేర్పుతాను. అయినా స్విచ్ వేసేముందు దణ్ణం పెట్టుకుని, కొంగు చేతికి చుట్టుకుంటాను. "గదెందుకక్కా?" అని నవ్వుతారు వాళ్లు.

ఏం చెప్పను? కుండ ఒరిగితే పట్టుకోవద్దూ!