బొమ్మ లేని పాట

మా అమ్మకి అంకెలొచ్చు, అక్షరాలు రావు. రాజోలు బడిలో డ్రాయింగు మేష్టారి భార్యకి అదెంత నామోషీయో ఏం చెప్పను! నాన్నగారు నేర్పబోతే పలక విసిరికొట్టింది. "ఈ కోడిగీతలు నా బుర్రకెక్కవండీ, వదిలెయ్యండి" అంది. మొండిఘటం. కానీ గొంతెత్తితే చర్చి అంతా సద్దుమణిగేది. అందుకే పాట ఎత్తుకునే పని ఆవిడకే అప్పజెప్పేరు. పాస్టరుగారు నంబరు మాత్రమే చెప్పేవారు. అమ్మ పేజీ తీసేది గానీ అక్కడున్నది ఏ పాటో తెలిసేది కాదు. పక్కన కూచుని మొదటి మాట చెవిలో ఊదడం నా పని. ఓ ఆదివారం నాకు జ్వరమొస్తే అమ్మ కూడా చర్చికి వెళ్లలేదు.

డెబ్బైల్లో ఆ ఏడే అమలాపురం మందుల షాపువాళ్లిచ్చిన క్యాలెండరు మా గోడకెక్కింది. నెలకో రాగం బొమ్మ. పూర్వం ఉత్తరాదిన రాగాలకి రూపం ఊహించి వేసిన చిన్న చిన్న చిత్తరువులట. తోడి అంటే వీణ పట్టుకున్న ఒంటరి ఆడమనిషి, చుట్టూ లేళ్లు. హిందోళం అంటే ఉయ్యాల. మా పాటల పుస్తకంలోనూ ప్రతి పాట నెత్తిన రాగం పేరుంటుంది, ఎవరూ పట్టించుకోరు. నాన్నగారు పట్టించుకున్నారు. సన్న కుంచెతో ప్రతి పాట పక్కనా తపాలా బిళ్లంత బొమ్మ వేసేరు. అదే రాగంలో ఇంకో పాటుంటే ఇంకో లేడిపిల్లని చేర్చేవారు. క్యాలెండర్లో లేని మోహనకి మా గోదారి రేవులో పడవ వేసేరు. ఏ బొమ్మ ఏ పాటదో ఓసారి చెబితే చాలు, అమ్మ బొమ్మ చూసి పాట పట్టేసేది. ఆవిడకి చదువు రాదని ఏళ్ల తరబడి ఎవరికీ అనుమానం రాలేదు.

సమాధి దగ్గర పాస్టరుగారే ఎత్తుకునే పాటలొచ్చేసరికి మాత్రం నాన్నగారు కుంచె కడిగేసేరు. "వాటితో మనకేం పనే?" అన్నారు. "ఆయ్, అవునండి" అంది అమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎనభైల్లో నాన్నగారు పోయేరు. సమాధి దగ్గర పాట తనే ఎత్తుకుంటానని అమ్మ పట్టుబట్టింది. పాస్టరుగారు నంబరు చెప్పేరు. అమ్మ పేజీ తీసింది. పాట పక్కన ఉత్త తెల్లకాయితం. మొదటి మాట నేను చెప్పాలి. చదివేను కూడా. చెప్పబోతే ఏడుపే వచ్చింది. ఊరంతా అమ్మనే చూస్తోంది.

అమ్మ పుస్తకం మూసేసి తలెత్తింది.

"నాకు చదువు రాదండి" అంది, అందరికీ వినబడేలా. "ఆయన ఈ పాటకి బొమ్మ వెయ్యలేదు. మొదటి మాట చెప్పండి, పాడతాను."

పాస్టరుగారు చెప్పేరు. అమ్మ చివరి చరణందాకా పాడింది.