మా ఇంటి ఎంగేజు ఫోను

ఆ రోజుల్లో ఇంటర్నెట్టు అంటే తలుపు తట్టి, తీసేదాకా గుమ్మంలో నిలబడవలసిన వ్యవహారం. మోడెం కుయ్యిమని, కీచుమని, గరగరమని నానా రాగాలూ తీసి, దయ తలిస్తే కలిసేది. కలిసినంతసేపూ ఇంటి ఫోను మూగపోయేది, బయటి నుంచి ఎవరు చేసినా ఎంగేజే. డిగ్రీ అయిపోయి, పీజీ సీటు కోసం చదువుతున్నానని చెప్పుకుంటూ ఇంట్లో కూర్చున్న నాకు (చెప్పుకోవడమే తప్ప చదవడం లేదని అమ్మ అనేది) ఆ కీచురొదే సంగీతం. రాజోలు పక్కన మా ఊళ్ళో, మా వీధి మొత్తానికి ఫోనూ కంప్యూటరూ రెండూ ఉన్న ఇల్లు మాదొక్కటే. నా తల కాస్త ఎత్తులోనే ఉండేది.

అలాంటప్పుడు మా ఎక్స్ఛేంజికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. లైన్‌మన్ దరఖాస్తు కాగితం తెచ్చి, "ఒకటే తీగండి. నెట్టు దారి నెట్టుది, ఫోను దారి ఫోనుది. ఇంక ఎంగేజన్న మాటే ఉండదండి" అన్నాడు. ఆ చివరి మాటకి నాన్నగారి మొహం వాడిపోయింది. "ఆయ్, చూద్దాంలెండి" అని కాగితాన్ని పంచాంగంలో పెట్టేశారు. మా ఇంట్లో పంచాంగంలోకి వెళ్ళిన కాగితం మళ్ళీ ఉగాదికి గాని బయటికి రాదు. నేను రోజూ గొడవ చేసేదాన్ని. ఆయన మాత్రం "అంత స్పీడెందుకమ్మా, ఇప్పుడు నువ్వెక్కడికెళ్ళాలి?" అనేవారు.

అసలు సంగతి కొత్తపేట మావయ్యగారు. మా అత్తయ్య భర్త, అంటే నాన్నగారికి బావగారు. ఆయన తోటలో కొబ్బరికి నల్లి పట్టింది మొదలు, రోజూ పదింటికి ఫోన్ చేసి చెట్టు చెట్టుకూ ఆరోగ్యం చెప్పేవారు. ఇంటి అల్లుడు మాట్లాడుతుంటే "పనుందండి" అని పెట్టేయడం మా నాన్నగారి వల్ల అయ్యే పని కాదు. ఈ ఫోను తీగ నెట్టు, అదే డయలప్, పెట్టిన వారంలోనే ఆయనకి ఎంగేజు మహిమ తెలిసింది. తొమ్మిదిన్నర అయ్యేసరికి, "అమ్మాయీ, చదువుకోవా? ఇంటర్నెట్టు పెట్టుకో" అని ఎంతో ప్రేమగా పిలిచేవారు. ఆ ప్రేమంతా నా చదువు మీదేనని నేను నమ్మాను.

మా ఫోను మీద ఆధారపడ్డ మనిషి ఇంకొకరున్నారు, వెనకవీధి కువైట్ పిన్ని. బంధుత్వం ఏమీ లేదు, పిలుపు వరసే. వాళ్ళాయన అక్కడ డ్రైవరు. శుక్రవారం ఆయనకి సెలవు గనక ఆ పూట మా నంబరుకి ఫోన్ చేసేవాడు. పిన్ని తలంటుకుని, మంచి చీర కట్టుకుని, హాల్లో ఫోను పక్కన స్టూలు మీద కూర్చునేది. నేను పక్కగదిలో నెట్టులో ఉంటే ఆ ఫోను మోగదని ఆవిడకి తెలియదు. నాకు తెలుసు. కాసేపేగా అనుకునేదాన్ని. ఆ కాసేపు మధ్యాహ్నం దాకా సాగేది.

అలా వరసగా మూడో శుక్రవారం నెట్టులోంచి నేనొక హీరోగారి ఫోటో దించుకుంటున్నాను (పేరు చెప్పను, మా ఆయన ఇది చదువుతారు). జుట్టు వచ్చింది, నుదురు వచ్చింది, కనుబొమలు వచ్చాయి, ముక్కు దగ్గర ఆగిపోయింది. విసుగ్గా తల తిప్పితే గుమ్మం దగ్గర పిన్ని.

"అమ్మాయిగారండీ, ఒక్క మాట అడగనాండీ? కిందటిసారి ఫోన్లో ఆయన్ని గట్టిగా అనేసేనండి. మా తమ్ముడి పెళ్ళికి రాకపోతే ఇంక రావొద్దన్నానండి. అప్పటినుంచి మూడు వారాలూ ఫోను లేదు. మనిషి అలిగితే ఎన్నాళ్ళకి మాట్లాడతారండి? మీరు చదువుకున్నోరు కదా."

నా చదువు ఆ ప్రశ్నకి చాలలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. హీరోని ముక్కు దగ్గరే వదిలేసి తీగ లాగేశాను. అయిదు నిమిషాలకి ఫోను మోగింది. అవతలి గొంతు హాలంతా వినిపించింది. "మూడు వారాలై ఎంగేజేనే. నువ్వే ఫోను తీసి పక్కన పెట్టించేవనుకున్నాను." పిన్ని కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే "తిన్నారా అండి?" అని అడిగింది.

తోటలోంచి వస్తూ నాన్నగారు అంతా విన్నారు. నాకేసి చూశారు, నేను ఆయనకేసి చూశాను. ఇద్దరం దొంగలమే. నాన్నగారు పంచాంగం తీసి, కాగితం మీద సంతకం పెట్టారు.

బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన మొదటి శుక్రవారం సరిగ్గా పదింటికి మావయ్యగారు దొరకబుచ్చుకున్నారు. పదకొండయింది. పిన్ని తలంటుకుని వచ్చి నిలబడింది. నాన్నగారి నుదుటి మీద చెమట పట్టింది. చివరికి కళ్ళు మూసుకుని, "బావగారూ, ఏమీ అనుకోకండి, పెట్టేస్తానండి. కువైట్ నుంచి ఫోను రావాలి" అనేశారు. అవతలి నుంచి మావయ్యగారి గొంతు హాయిగా, "ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా బావా. నువ్వు పెట్టట్లేదని నేను మాట్లాడుతున్నాను" అంది.

హీరోగారి ఫోటో కూడా ఆ వారమే రెప్పపాటులో నిండుగా వచ్చింది. ఎందుకో ముక్కు దాకా ఉన్నప్పుడే బాగున్నాడనిపించింది.

ఇప్పుడు మా ఇంట్లో ఎంగేజు లేదు, ఆగిపోయే ఫోటో లేదు. మా ఆడపడుచుగారు రోజూ వీడియోకాల్లో మిద్దెతోటలో మొక్క మొక్కకీ ఆరోగ్యం చెబుతారు. పెట్టేస్తానని చెప్పబోయి, "సిగ్నల్ సరిగ్గా లేదేమోనండి" అంటాను. తెర మూలన నేను కనబడే చిన్న పెట్టెలో అచ్చం నాన్నగారి మొహమే కనిపిస్తుంది, ఆవిడకి వినపడకుండా నవ్వుకుంటాను.